మిల్లీమీటరమ్మ మెట్టు

విరిగిన పీట మళ్ళీ నాలుగు కాళ్ళ మీద నిలబడింది.

శనివారం పొద్దున ఇంట్లోవాళ్ళు వాకిట్లోకి వచ్చేసరికి అది పికప్ బండి పక్కన, డ్రైవరు పక్క సీటు తలుపు కింద, ఎప్పుడూ వేసే చోటే ఉంది. విరిగిన కాలికి అటూ ఇటూ ఇనప పట్టీలు బిగించి, పైన కొత్తగా దళసరి మెత్తటి ఫెల్టు గుడ్డ అంటించి, తుడిచి మరీ పెట్టాడు పెద్దాయన. పెట్టి, షాపు తలుపు దగ్గర నిలబడి, గోడకు ఆనించిన అద్దాలను పరీక్షిస్తున్నట్టు నటిస్తున్నాడు.

ఆయన భార్య, ఇంటి కోడలికి అత్తగారు, ఎడమ మణికట్టుకు కట్టుతో బయటికి వచ్చింది. పీటను చూసింది. అడ్డంగా పడుకున్న పిల్లిని తప్పించుకున్నట్టు దాని పక్కనుంచి వెళ్ళి, అరుగు మీద కూర్చుని టీ తాగింది. నోట్లోంచి ఒక్క మాట రాలేదు.

ఆ ఇంట్లో మాట లేదంటే నిజంగానే చప్పుడు లేదని అర్థం. అద్దాల వ్యాపారం చేసే కొంప అది. ముందు షాపు, వెనక ఇల్లు, మధ్యలో బండి నిలిపే వాకిలి. ఏ వస్తువు ఏ వస్తువుకు తగిలినా పెద్దాయనకు గుండె ఆగినంత పనవుతుంది. అందుకని కుర్చీ కాళ్ళకు ఫెల్టు, బీరువా తలుపులకు ఫెల్టు, చివరికి వంటింట్లో గిన్నెలు బోర్లించే అరకు కూడా ఫెల్టే. కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో ఆ అరలో గిన్నెలు గబగబా పడేసి, చప్పుడు రాకపోయేసరికి తనకు చెవుడొచ్చిందేమోనని భయపడింది. ఆ ఇంట్లో చప్పుడు చేసేది మనుషులు మాత్రమే. ఇప్పుడు వాళ్ళూ మానేశారు.

మంగళవారం వాకిట్లో బండి దిగబోయి అత్తగారు కిందపడింది. పీట కాలు విరిగింది, ఆవిడ మణికట్టు బెణికింది, మోచెయ్యి చీరుకుపోయింది. మోకాలు పట్టు తప్పింది, అంతే, అని ఆవిడే చెప్పింది. ఆ ఒక్క ముక్క పట్టుకుని కొడుకు నాలుగు రోజులుగా ఇల్లు ఏలుతున్నాడు. మోకాలు పట్టు తప్పే మనిషి బండెక్కకూడదు. బండెక్కని మనిషి కొలతలకు వెళ్ళలేదు. కాబట్టి సోమవారం కొత్త స్కూలు భవనం కిటికీలు కొలవడానికి తనే వెళ్తాడు. లేజరు మెషిను కొన్నది ఎందుకు? ఇకనుంచి అమ్మ హాయిగా ఇంట్లో కూర్చోవచ్చు.

హాయిగా అన్న మాట విన్నప్పుడు అత్తగారు కొడుకు ముఖంలోకి ఎలా చూసిందో కోడలు చూసింది. కొడుకు చూడలేదు. కొడుకులకు అలాంటివి కనపడవు.

భవనాల దగ్గర మేస్త్రీలు అత్తగారిని మిల్లీమీటరమ్మ అంటారు. మొదట్లో వెక్కిరింపుగా అన్నారు, తరవాత భయంగా అన్నారు, ఇప్పుడు మామూలుగా అంటున్నారు. కిటికీ చట్రాన్ని పైనా, నడుమా, కిందా కొలిచి, మూల నుంచి మూలకు కొలిచి, వేలితో అంచు తడిమి, "కుడివైపు గోడ మూడు మిల్లీమీటర్లు అలిగింది" అనేది. స్కూలువాళ్ళు అడిగింది కొలిమిలో గట్టిపరిచే అద్దం. కోసి, కొలిమికి పంపాక దాన్ని మళ్ళీ కోయడం ఎవరి తరమూ కాదు. ఒక్క మిల్లీమీటరు ఎక్కువైతే ఆ అద్దం చెత్తకుండీకే. అలాంటి కిటికీలు నూట ఎనభై. ఆవిడ కొలవాలి, పెద్దాయన కోయాలి. ముప్ఫై రెండేళ్ళుగా ఆ ఇంటి అన్నం అదే.

మనిషి పొట్టి, బండి ఎత్తు. అందుకే పీట. ఆయన వేస్తాడు, ఆవిడ ఎక్కుతుంది, ఆయన పీట తీసి పక్కన పెడతాడు, కొడుకు బండి నడుపుతాడు. భవనాల దగ్గర దిగడానికి ఏ ఇటుకల దొంతో దొరుకుతుంది, తిరిగొచ్చి వాకిట్లో దిగేటప్పుడు మళ్ళీ ఆయనే. ముప్ఫై రెండేళ్ళలో ఆ పీట వేసే పని ఇంకొకరికి ఇవ్వలేదు ఆయన.

టీ గ్లాసులు ఖాళీ అయ్యేసరికి కోడలు వరండాలోంచి రెండు పొడుగాటి అట్టపెట్టెలు ఈడ్చుకొచ్చింది. ఆమె ఆటో ఎలక్ట్రీషియను. పెళ్ళికి ముందూ అదే పని, తరవాతా అదే. గ్యారేజీలో ఆమె చెయ్యి పడ్డ వైరు మళ్ళీ విప్పాల్సిన పని లేదని పేరు. బుధవారం గ్యారేజీ ద్వారా తెప్పించమని చెప్పింది, శుక్రవారం సాయంత్రానికి వచ్చాయి. ఇంట్లో ఎవరినీ అడగలేదు.

ఏమిటవి అని భర్త అడిగాడు. ఫుట్‌బోర్డులు, మోటారువి, తలుపు తీస్తే కిందికి దిగుతాయి, వేస్తే మడుచుకుని బండి అడుక్కి పోతాయి అని ఆమె చెప్పింది.

"కాలు జారే మనిషికి బంగారు మెట్టు కట్టించినా జారుతుంది," అన్నాడు అతను. "తప్పు మెట్టుదా, మోకాలిదా?"

అత్తమామల ఎదుట భర్తను మీరు అనడం, గదిలో నువ్వు అనడం ఆమె పద్ధతి. కోపమొస్తే మాత్రం గదిలో కూడా మీరే, ఆ మీరులో గౌరవం ఉండదు. "మీరు కాస్త పక్కకు జరగండి, జాకీ పెట్టాలి," అంది.

అతను జరగలేదు. మాట తేల్చుకోవాల్సిందేనన్నాడు. సోమవారం పొద్దున బయలుదేరే ముందు అమ్మ దాని మీద మూడుసార్లు ఎక్కి దిగాలి. అది ఒక్కసారి మొరాయించినా, అమ్మ కాలు ఒక్కసారి తడబడినా, కొలతలకు తనే వెళ్తాడు. సోమవారం ఒక్కటే కాదు, ఎప్పటికీ. మళ్ళీ ఎవరూ ఆ మాట ఎత్తకూడదు.

"ఒప్పుకున్నాం," అంది కోడలు, అత్తగారిని అడగకుండానే.

అరుగు మీద అత్తగారు గ్లాసు కింద పెట్టింది. ఒప్పుకుందో లేదో ఎవరికీ తెలియలేదు.

బండి కింద పడుకుంటే పైకి కనిపించే పెద్దమనిషితనం ఏమీ మిగలదు, దానికైనా మనకైనా. పెచ్చులు కట్టిన మట్టి, తుప్పు, ఎప్పుడో కారి ఎండిపోయిన నూనె. ఫుట్‌బోర్డు బిగించడానికి కావలసిన బోల్టు రంధ్రాలు బండి పుట్టినప్పటి నుంచీ ఉన్నాయి గానీ మట్టితో పూడుకుపోయాయి. ఒక్కొక్కదాన్నే తీగ బ్రష్షుతో గీకి, నూనె పోసి, బోల్టు చేత్తో తిరిగేదాకా ఊరుకోలేదు కోడలు. చేత్తో తిరగని బోల్టును స్పానరుతో తిప్పడం అంటే బలవంతపు పెళ్ళి చేయడమేనని గ్యారేజీ ముసలి మెకానిక్కు చెప్పేవాడు.

ఒక్కో ఫుట్‌బోర్డుకు రెండు ఇనప చేతులు. ఒక చేతికి మోటారు ఉంటుంది, అది లాగుతుంది. రెండోది ఊరికే వెంట వస్తుంది. సంసారం కూడా ఇంతే కదా, ఎవరి దగ్గర మోటారు ఉందో చెప్పడమే కష్టం అనుకుని నవ్వుకుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజు దాటించి చిన్న కంట్రోల్ పెట్టెకు వైరు లాగింది, అక్కణ్ణుంచి మోటార్లకు. తలుపు తెరుచుకున్న సంగతి పెట్టెకు తెలియడానికి తలుపు స్విచ్చు వైరుకు ఒక కొస కలిపి, టంకం పెట్టి, టేపు చుట్టింది.

మధ్యాహ్నం రెండు కాళ్ళు వచ్చి ఆమె తల దగ్గర నిలబడ్డాయి. పెద్దాయన చెప్పుల పక్కనే పీట కాళ్ళు కూడా ఉన్నాయి. పీటను చేత్తో పట్టుకునే వచ్చాడు.

"అమ్మాయ్," అన్నాడు. "అద్దం మోసేవాడికి తన కాళ్ళు తనకి కనపడవు. కింద ఏదున్నా వాడు చచ్చాడన్నమాటే. అందుకే నేను పీట వేసిన మరుక్షణం తీసేస్తాను. నువ్వేమో బండికి రెండు వైపులా మెట్లు కడుతున్నావు."

"కట్టెయ్యడం లేదు మామయ్యా. అందుకేగా మడిచేవి తెప్పించింది," అని ఆమె బయటికి వచ్చి, ఫుట్‌బోర్డును చేత్తోనే లోపలికి మడిచి చూపించింది. బండి అంచు కన్నా నాలుగు వేళ్ళు లోపలికి పోతుందని చెప్పింది.

ఆయన వంగి అంచును అరచేత్తో ఈ కొస నుంచి ఆ కొసకు తడిమాడు. చూడకుండా తడిమాడు. ఇన్నేళ్ళ పనివాడికి చేతులే కళ్ళు కాబోలు అనుకుంది కోడలు. ఆయన పీట తీసుకుని వెళ్ళిపోయాడు. కోడలికి ఆయన వీపు చూసి జాలేసింది. తన పనిని ఒక మోటారుకు ఇచ్చేస్తున్నారని ఆయన బాధ. ఆ బాధలో న్యాయం ఉందని ఆమెకూ తెలుసు, అయినా స్పానరు వదల్లేదు.

పొద్దు వాలే వేళకు బ్యాటరీ కలిపి తలుపు తీసింది. చిన్న మూలుగుతో ఫుట్‌బోర్డు కిందికి దిగి ఆగింది. తలుపు వేసింది. రెండు క్షణాలు ఆలోచించుకుని, మడుచుకుని, 'టక్' మని లోపలికి పోయింది.

ఆ టక్‌కు పెద్దాయన షాపులోంచి బయటికి వచ్చాడు. ఇనుము ఇనుముకు తగులుతోందన్నాడు. అలా తగిలి ఆగాల్సిందే మామయ్యా, అది దాని పద్ధతి అని కోడలు చెప్పింది. ఆయన ముఖం తేటపడలేదు. ఆ ఇంట్లో అలాంటి పద్ధతి ఇంతవరకు లేదు.

అప్పుడు అత్తగారు అరుగు దిగింది. మెడలో వేలాడే టేపు లాగి, నేల నుంచి ఫుట్‌బోర్డు దాకా కొలిచింది. "మూడొందల ఇరవై," అంది. "పీట మూడొందల నలభై."

నాలుగు రోజుల తరవాత ఆవిడ నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదే. కోడలికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అత్తగారు చీర కుచ్చెళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని, ఒక అడుగు ఫుట్‌బోర్డు మీద, రెండో అడుగు లోపల పెట్టి సీట్లో కూర్చుంది. దిగింది. మోకాలు పట్టు తప్పడం మాట అటుంచి, కనీసం వణకలేదు కూడా. కోడలు ఆ సంగతి గమనించింది గానీ సంతోషంలో దాని గురించి ఆలోచించలేదు.

ఆదివారం మధ్యాహ్నం భర్త ఊరికే ఒకసారి చూద్దామని తలుపు తీశాడు. ఫుట్‌బోర్డు దిగింది. తలుపు వేశాడు. అది సగం మడుచుకుని, మూలిగి, ఆగి, మళ్ళీ కిందికి దిగిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే.

అతను ఎగతాళి చేస్తే కోడలికి హాయిగా ఉండేది, తిరిగి నాలుగు అనేది. అతను మెత్తగా మాట్లాడాడు. "నువ్వు చాలా కష్టపడ్డావు. విప్పెయ్. అమ్మకు నేను నచ్చజెప్తాను," అన్నాడు. అంత దయ ఆమె భరించలేకపోయింది.

"సోమవారం ఇంకా రాలేదండీ," అంది.

ఫ్యూజు చూసింది, బాగుంది. మోటారుకు కరెంటు అందుతోంది. ప్లగ్గులు బిగుతుగా ఉన్నాయి. తలుపు స్విచ్చు వైరు దగ్గర టంకం ఆమె పెట్టినట్టే ఉంది. కంట్రోల్ పెట్టె మీద ఎర్ర దీపం మాత్రం మూడేసిసార్లు వెలిగి ఆరుతోంది. దారిలో ఏదో అడ్డముందని దాని భాష. మనిషి కాలో చెయ్యో ఇరుక్కుందేమోనని మోటారు వెనక్కి తగ్గుతోంది. కానీ పైనుంచి వంగి చూస్తే అడ్డం ఏమీ లేదు, రాయి లేదు, రప్ప లేదు.

టార్చిలైటు తీసుకుని మళ్ళీ బండి కిందికి దూరింది. కాసేపటికి టార్చిలైటు పట్టుకోవడానికి ఒక చెయ్యి వచ్చింది. అత్తగారు బండి పక్కన ఆ ఇనప పట్టీల పీట వేసుకుని కూర్చుని, మంచి చేత్తో వెలుగు చూపిస్తోంది.

అప్పుడు కనపడ్డాయి. నల్ల ఫెల్టు ముక్కలు, నాలుగు. బొటనవేలి గోరంత పొడుగు, అంచులు బ్లేడుతో తెగ్గోసినట్టు తిన్నగా ఉన్నాయి. ఇనుము ఇనుముకు తగలకుండా, అడ్డమూ పడకుండా అంటించాలని చూశారు. మూడు ముక్కలు అంటాల్సిన చోటే అంటాయి. నాలుగోది, మోటారు చేతి మీద పెట్టాల్సింది, రెండు వేళ్ళు పక్కకు పోయి సరిగ్గా మడత కీలులో పడింది. చెయ్యి మడుచుకోబోయినప్పుడల్లా అది నలిగి అడ్డం పడుతోంది.

ఎవరు అంటించారో అడగాల్సిన పని లేదు. ఆ ఇంట్లో టక్ మన్న ప్రతిదానికీ ఫెల్టు అంటించే మనిషి ఒక్కడే. పొద్దున అందరికన్నా ముందు లేచి, తనను కాదని వచ్చిన మోటారుకు కూడా దెబ్బ తగలకూడదని అంటించి పోయాడు. కోడలు ముందు నవ్వబోయింది. తరవాత నవ్వు రాలేదు. గీత మీద వెంట్రుకవాసి తేడా లేకుండా అద్దం కోసే కటరు నడిపే మనిషి రెండు వేళ్ళు పక్కకు పోయాడేమిటి?

ఆమెకు షాపులో కొలతల పుస్తకం గుర్తొచ్చింది. అత్తగారు రాసే అంకెలు పాత పేజీల్లో చీమల్లా ఉండేవి. రెండేళ్ళుగా అవి పెరుగుతూ వచ్చాయి. ఇప్పుడు పేజీకి రెండే కిటికీలు పడుతున్నాయి. అత్తగారికి చూపు తగ్గిందేమో, కళ్ళద్దాలు పెట్టుకోమని చెప్పాలి అని తను చాలాసార్లు అనుకుంది. నిన్న చూడకుండా బండి అంచు తడిమిన పెద్దాయన అరచెయ్యి కూడా గుర్తొచ్చింది.

ఆమె బండి కింద నుంచే, పైకి చూడకుండా అడిగింది. "అత్తయ్యా, మంగళవారం మీ కాలు జారిందా?"

టార్చి వెలుగు కదలలేదు.

"అప్పుడు పీట ఎక్కడుంది?"

అత్తగారు టార్చిలైటును ఒళ్ళోకి దించింది. "జానెడు ఇవతలికి. నేను కిందికి చూడను కదా. ఎప్పుడూ చూడలేదు. ఆయన వేశారంటే ఉన్నట్టే."

కోడలు బయటికి వచ్చి నేల మీద కూర్చుంది. ఇద్దరూ చాలా తక్కువ గొంతుతో మాట్లాడుకున్నారు. రెండేళ్ళుగా ఇలాగేనని అత్తగారు చెప్పింది. ఆయనకు నడిమధ్య మసక, పక్కలు మాత్రం కనిపిస్తాయట. డాక్టరుకు చూపించమంటే కస్సుమన్నారట. అందుకే అద్దం మీద గీత తనే లావు మార్కరుతో గీసి ఇస్తోంది, అంకెలు పెద్దవిగా రాస్తోంది. ఆయన అంచు చేత్తో పట్టుకుని, గీత వెంట కోస్తున్నారు. ఇంతవరకు తప్పలేదు.

ఇంతవరకు. ఆ మాట విని కోడలికి ఒళ్ళు మండింది. "అద్దం అత్తయ్యా అది. రేపు కటరు తప్పి మణికట్టు మీద పడితే?"

"అందుకే నేను పక్కనుండాలి. ఇంట్లో కూర్చుంటే ఎప్పుడూ ఆయన కోత బల్ల పక్కనే ఉంటాను," అంది అత్తగారు. "ఆ ముక్క పీకెయ్. వైరు వదులైందని చెప్పు."

"నా వైరు వదులు కాలేదు."

"తెలుసు."

"అది చెబితే మీ అబ్బాయి మిమ్మల్ని బండెక్కనివ్వరు."

"నేను కూర్చోగలను. బల్ల లేకపోతే మీ మామయ్య కూర్చోలేరు."

కోడలు అత్తగారి మెడలోని టేపు వైపు చూసింది. ఆదివారం కూడా తీయలేదు ఆవిడ. "మీరు కూర్చోగలరా?" అని అడిగింది.

అత్తగారు టార్చిలైటు ఆర్పి ఆమె చేతిలో పెట్టి లేచింది. వెళ్తూ వెళ్తూ, మాటివ్వు అంది. కోడలు ఇచ్చింది. కోపంతో ఇచ్చింది. పదిహేనేళ్ళుగా సంపాదించుకున్న పేరు, తన చెయ్యి పడ్డ వైరు వదులు కాదన్న పేరు, రేపు పొద్దున భర్త ఎదుట తన నోటితోనే పోగొట్టుకోవాలి.

ముక్కను జాగ్రత్తగా ఊడదీసింది. ఫుట్‌బోర్డు మడుచుకుంటుందా అని తలుపు తీసి వేసి చూసింది. చక్కగా మడుచుకుంది. ముక్కను పారేయబోయి ఆగింది. వైరు వదులైందని చెబుతానని మాటిచ్చింది. ముక్క పారేస్తానని మాటివ్వలేదు. సామాన్ల పెట్టె మూత మీద, స్పానర్ల పక్కన దాన్ని పెట్టి చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళింది.

సోమవారం పొద్దున భర్త లేజరు మెషిను పెట్టె తెచ్చి డ్రైవరు పక్క సీట్లో పెట్టాడు. ఆ సీట్లో అత్తగారి చిన్న మెత్త ఇంకా ఉంది. నిన్న మెట్టుకు ఏమైందని అతను అడిగాడు.

"వైరు వదులైంది," అంది కోడలు. నాలుక మీద ముల్లు గుచ్చుకున్నట్టయింది. "సరిచేశాను."

అతను ఆమె ముఖంలోకి ఆశ్చర్యంగా చూశాడు. ఆమె వైరు వదులవడం అతను కూడా ఎప్పుడూ వినలేదు. తరవాత తల ఊపాడు. వాకిట్లో వదులైంది సరే, భవనం దగ్గర, నలుగురు అద్దం మోస్తూ వస్తున్నప్పుడు అది లోపలికి పోనంటే ఏం చేస్తావన్నాడు. అదీ గాక ఇది బాగుపడినా అమ్మ మోకాలు బాగుపడదు కదా అన్నాడు. అనుకున్న మాట అనుకున్నదే. నిన్ననే మొరాయించింది, అయిపోయింది.

అత్తగారు మెడలోంచి టేపు తీసింది. కొడుక్కి ఇవ్వడానికి చెయ్యి చాపింది.

పెద్దాయన అప్పటిదాకా సామాన్ల పెట్టె పక్కన నిలబడి ఉన్నాడు. పాత గుడ్డ కోసం కాబోలు మూత మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి ఆగింది. ఫెల్టు ముక్కను రెండు వేళ్ళతో పట్టుకుని, బొటనవేలితో దాని అంచు మెల్లగా తడిమాడు. తన చేతి కోత ఆయనకు తెలియకుండా ఉంటుందా?

"అమ్మాయ్, ఇది ఎక్కడ దొరికింది?"

కోడలు మాట్లాడలేదు. మాటిచ్చింది కదా.

ముక్క నలిగిపోయి ఉంది. మధ్యలో కీలు పంటిగాట్లు పడ్డాయి. ఆయన వాటిని కూడా తడిమి చూశాడు. ఈసారి కోడల్ని అడగలేదు. భార్య ఉన్న వైపు తిరిగాడు.

"ఎంత పక్కకు పడింది?"

అత్తగారి చెయ్యి టేపుతో అలాగే ఆగింది. ఆవిడ జన్మలో కొలత తప్పు చెప్పలేదు. "రెండు వేళ్ళు," అంది.

"మంగళవారం పీట?"

ఆవిడ కొడుకు వైపు చూసింది, కోడలి వైపు చూసింది. తప్పించుకోవడానికి ఎక్కడా సందు లేదు.

"జానెడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే కటరు కింద పెట్టేస్తారని."

పెద్దాయన జేబులోంచి కటరు తీశాడు. పిడి తోలు అరిగి ఆయన వేళ్ళ ఆకారం దిగిన కటరు అది. దాన్ని బండి బానెట్టు మీద పెట్టాడు. పెట్టేముందు కింద ఆ ఫెల్టు ముక్కను పరిచాడు.

"మీ అమ్మ కాలు జారలేదురా," అన్నాడు కొడుకుతో. "నేను పీట సరిగ్గా వెయ్యలేదు. నాకు కనపడలేదు. కోడలి వైరూ వదులు కాలేదు. నావల్లే."

ఆరు రోజులుగా ఇల్లు ఏలిన మనిషికి ఏం ఏలాడో ఇప్పుడు అర్థమవుతోంది. కోడలికి అతని మీద కోపం అక్కడికక్కడే పోయింది. పోయినందుకు కాస్త బాధ కూడా వేసింది, ఎందుకంటే అనాల్సినవి చాలా సిద్ధం చేసి పెట్టుకుంది.

అత్తగారు టేపు మళ్ళీ మెడలో వేసుకుంది. వెళ్ళి తలుపు తీసింది. ఫుట్‌బోర్డు దిగింది. ఎక్కింది, దిగింది. తలుపు వేసి, అది మడుచుకునేదాకా ఆగి, మళ్ళీ తీసి ఎక్కింది, దిగింది. ఎవరూ లెక్కపెట్టడం లేదు గానీ ఆవిడ మాత్రం పైకే లెక్కపెట్టింది. మూడోసారి ఎక్కి, లేజరు పెట్టె తీసి కొడుకు సీటు మీద పెట్టి, తను నడుమ సీట్లోకి జరిగి కూర్చుంది. చివరి సీటు ఖాళీగా ఉంది.

"ఎక్కండి," అంది భర్తతో.

"నేనెందుకు?"

"టేపు రెండో కొస ఎవరు పట్టుకుంటారు? దానికి కళ్ళక్కర్లేదు."

కొడుకు అప్పుడు అడిగాడు, చాలా చిన్నగా. "మరి అద్దాలు ఎవరు కోస్తారమ్మా?"

ఆవిడ ముందు అద్దంలోంచి బయటికి చూసింది. బానెట్టు మీద కటరు అలాగే ఉంది. నూట ఎనభై కిటికీలున్నాయి, కోసే చెయ్యి ఆ వాకిట్లో ఇంకొకటి లేదు.

పెద్దాయన బండి దగ్గరికి వచ్చాడు. ముప్ఫై రెండేళ్ళుగా ఆ తలుపు దగ్గర ఆయన వంగాడే గానీ ఎక్కలేదు. ఒక చేత్తో తలుపు అంచు పట్టుకుని కాలు ఎత్తాడు. కాలు మెట్టు కోసం గాలిలో వెతికింది. కోడలు పట్టుకోవడానికి ముందుకు రాబోయింది. అత్తగారు వద్దన్నట్టు చెయ్యి ఎత్తి, సీట్లోంచి వంగి, ఆయన పాదానికీ ఫుట్‌బోర్డుకీ మధ్య దూరాన్ని కంటితో కొలిచింది.

"యాభై మిల్లీమీటర్లు లోపలికి," అంది.

ఆయన కాలు లోపలికి జరిగింది గానీ ఇంకా కిందికి దిగలేదు.